చూసిన నగరానికే మళ్లీ వెళ్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త నగరంలో మొదటిసారి అడుగుపెట్టినప్పుడు అందరూ చూసేవి మనం కూడా చూసి తీరాలి. పెద్ద చర్చి, పెద్ద మ్యూజియం, పెద్ద వంతెన. వాటిలో ఏ ఒక్కటి తప్పినా తిరిగొచ్చాక మనసులో వెలితిగా ఉంటుంది. అదే నగరానికి రెండోసారి వెళ్లేటప్పుడు ఆ బెంగ ఉండదు. అందుకే నాకు రెండో ప్రయాణాలంటే ఎక్కువ ఇష్టం. అలా వెళ్లబోయేవాళ్లు నన్ను అడుగుతూ ఉండే ప్రశ్నలనూ, నాకు తోచిన జవాబులనూ ఇక్కడ ఒకచోట పెట్టాను.

ముఖ్యమైనవన్నీ మొదటిసారే చూసేశాను. ఇంకా చూడ్డానికి ఏం మిగిలి ఉంటుంది?

మొదటిసారి మీరు తిరిగిన చోట్లన్నీ ఒక మ్యాపు మీద చుక్కలు పెట్టి చూడండి. ఎంత పెద్ద నగరమైనా ఆ చుక్కలు రెండు మూడు ప్రాంతాల్లోనే గుంపుగా పడతాయి. మిగతా నగరమంతా ఖాళీగా కనిపిస్తుంది. ఆ ఖాళీ చాలాసార్లు మీరు నిలబడ్డ చోటికి పది నిమిషాల నడకలోనే మొదలవుతుంది.

బార్సిలోనాలో సగ్రాదా ఫమీలియా చర్చి చూడనివాళ్లు ఉండరు. దాని ముందు నుంచే అవింగుదా గౌడి అనే వీధి ఏటవాలుగా సాగిపోతుంది. ఆ వీధి చివరిదాకా నడిస్తే సాంత్ పావ్ అనే పాత ఆసుపత్రి వస్తుంది. లుయీస్ దొమెనెక్ ఇ మొంతానెర్ కట్టిన ఎర్ర ఇటుకల మంటపాలు, మొజాయిక్ పైకప్పులు, మధ్యలో తోటలు. 1997లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2009 దాకా అక్కడ రోగులకు వైద్యం జరిగింది. చర్చి దగ్గర క్యూలో నిలబడ్డ వాళ్లలో చాలామంది ఆ వీధివైపు తల తిప్పకుండానే వెళ్లిపోతారు.

లండన్‌లో సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌కు కొద్ది నిమిషాల నడకలో పోస్ట్‌మన్స్ పార్క్ అని చిన్న తోట ఉంది. అందులో ఒక గోడకు పింగాణీ పలకలు వరుసగా అమర్చి ఉంటాయి. ఇతరుల ప్రాణం కాపాడబోయి తమ ప్రాణం పోగొట్టుకున్న మామూలు మనుషుల పేర్లు, వాళ్లేం చేశారో ఒకటి రెండు వాక్యాల్లో. చిత్రకారుడు జి.ఎఫ్. వాట్స్ తలపెట్టిన ఆ స్మారకం 1900లో మొదలైంది. చదువుతూ నిలబడితే అరగంట ఎలా గడిచిందో తెలియదు.

పెద్దగా పేరులేని చోట్లంటే ఎక్కడో మూలమూలల్లో ఉండేవేనా?

నేను కూడా చాలాకాలం అలాగే అనుకున్నాను. ఒకసారి రెండోసారి వెళ్లిన నగరంలో ఊరి ఈ చివర నుంచి ఆ చివరకు బస్సులు మారి ఒక చిన్న మ్యూజియానికి వెళ్లాను. తలుపు మూసి ఉంది. నెలలో మొదటి శనివారం మాత్రమే తెరుస్తామని పక్కనే చిన్న బోర్డు ఉంది. ఆ రోజు మంగళవారం. వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో కూర్చుని ఆలోచిస్తే ఒక సంగతి అర్థమైంది. ఆ మ్యూజియం మెయిన్ రోడ్డు మీదే ఉంది. దాన్ని జనానికి కనపడకుండా చేస్తున్నది చోటు కాదు, వేళ.

అప్పటి నుంచి నేను "ఎక్కడ" అని వెతకడం తగ్గించి "ఎప్పుడు" అని వెతకడం మొదలుపెట్టాను. మొదటిసారి వచ్చినవాళ్లు ఏ రోజు వచ్చినా తెరిచి ఉండేవే చూస్తారు, వాళ్లకు ఇంకో దారి లేదు. నెలకోసారి తెరిచేవి, ఏడాదికి ఒక్క వారాంతం తెరిచేవి, ముందుగా పేరు రాయించుకుంటే తప్ప లోపలికి రానివ్వనివి, ఫలానా గంటకే కనిపించేవి, వీటన్నిటినీ రెండోసారి వచ్చేవాళ్లే అందుకోగలరు. ప్రయాణం తేదీలను వీటికోసం కొంచెం ముందుకో వెనక్కో జరుపుకోగలిగితే ఇక చెప్పక్కర్లేదు.

ఏడాదికోసారి తలుపులు తెరిచే పండుగలు చాలా నగరాల్లో ఉన్నాయి. లండన్‌లో విక్టోరియా థోర్న్‌టన్ 1992లో ఓపెన్ హౌస్ మొదలుపెట్టారు. మామూలు రోజుల్లో బయటివాళ్లు కాలుపెట్టలేని కార్యాలయాలు, ఇళ్లు, పాత కర్మాగారాలు సెప్టెంబర్‌లో కొద్దిరోజులు జనానికి తెరుస్తారు. ఇప్పుడు అదే పద్ధతి పదుల నగరాలకు పాకింది. ఫ్రాన్స్‌లో 1984లో చారిత్రక కట్టడాల తలుపులు ఒకరోజు తెరవడం మొదలైంది. 1991 నుంచి అది ఐరోపా వారసత్వ దినాల పేరుతో ఖండమంతా జరుగుతోంది. ఫ్రాన్స్‌లోనైతే సెప్టెంబర్ మూడో వారాంతం. బెర్లిన్‌లో 1997లో మొదలైన "మ్యూజియంల సుదీర్ఘ రాత్రి" నాడు ఒకే టికెట్‌తో అర్ధరాత్రి దాటేదాకా ఎన్నో మ్యూజియంలు తిరగవచ్చు. ఇప్పుడు అలాంటి రాత్రులు ఐరోపాలో చాలా నగరాల్లో ఉన్నాయి. మీరు వెళ్లే నగరం పేరు పక్కన "ఓపెన్ హౌస్", "వారసత్వ దినం", "మ్యూజియం రాత్రి" అని పెట్టి వెతకండి, అంతే.

మనుషులు కాక సూర్యుడూ సముద్రమూ వేళలు నిర్ణయించేవి కొన్ని ఉంటాయి. మాన్‌హాటన్ వీధులు సరిగ్గా తూర్పు పడమరలుగా ఉండవు, సుమారు 29 డిగ్రీలు తిరిగి ఉంటాయి. అందుకని మే చివర్లో ఒకసారి, జూలై రెండోవారం ప్రాంతంలో మరోసారి అస్తమించే సూర్యుడు అడ్డవీధుల చివర, రెండు వరుసల భవనాల మధ్య సరిగ్గా నిలుస్తాడు. ఖగోళ శాస్త్రవేత్త నీల్ డిగ్రాస్ టైసన్ దానికి మాన్‌హాటన్‌హెంజ్ అని పేరు పెట్టారు. లండన్‌లో థేమ్స్ నదికి సముద్రపు ఆటుపోట్లున్నాయి. నగరం నడిబొడ్డున కూడా నీటిమట్టం ఏడు మీటర్ల దాకా ఎక్కి దిగుతుంది. పోటు వేళ గోడల్ని తాకే నది, పాటు వేళ వెనక్కి పోయి గులకరాళ్ల ఒడ్డు బయటపెడుతుంది. పొగ తాగే పాత మట్టి పైపుల ముక్కలు, పెంకులు కనిపిస్తాయి. చూడండి, కానీ వెతకడానికీ తీసుకెళ్లడానికీ పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ అనుమతి ఉండాలి. ఒడ్డుకు దిగేముందు ఆటుపోట్ల పట్టిక చూసుకోవడం మాత్రం మరవకండి, నీళ్లు తిరిగి రావడం మనం అనుకున్నదానికన్నా వేగంగా ఉంటుంది.

ఇంటర్నెట్‌లో "హిడెన్ జెమ్స్" అంటూ వచ్చే జాబితాలు నమ్మవచ్చా?

ఐదారు జాబితాలు పక్కపక్కన పెట్టి చదవండి. అవే పది పేర్లు తిరగేసి మరగేసి కనిపిస్తాయి. రాసినవాళ్లు చాలామంది ఒకర్ని చూసి ఒకరు రాసినవే. అలాగని పూర్తిగా పక్కన పెట్టకండి. అన్నిట్లోనూ ఉన్న పేరును వదిలేసి, ఒక్కదాంట్లోనే ఉన్న పేరును రాసుకోండి. ఆ పేరుతో విడిగా వెతకండి. రాసినాయన నిజంగా వెళ్లొచ్చాడా లేదా అన్నది చిన్న వివరాల్లో తెలిసిపోతుంది: ఏ తలుపు గుండా వెళ్లాలి, మెట్లు ఎన్ని, ఏ పూట వెలుతురు బాగుంటుంది. అవేమీ లేకుండా "మంత్రముగ్ధులవుతారు" అని మాత్రమే ఉంటే ఆ చోటు గురించి ఇంకోచోట చదవండి.

మరి ఎక్కడ వెతకాలి?

ముందుగా, ఆ నగరం మాట్లాడే భాషలో వెతకండి. అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే, చాలామంది చేయనిదీ ఇదే. ఇంగ్లీషులో వెతికితే బయటివాళ్ల కోసం రాసినవే వస్తాయి. ఆ ఊరివాళ్లు తమకోసం రాసుకున్నవి వాళ్ల భాషలోనే ఉంటాయి. ఇప్పుడు అనువాదం చేసిపెట్టే యాప్‌లు ఉన్నాయి కాబట్టి భాష రాకపోవడం అడ్డంకి కాదు. జర్మనీలో ఒక్కో పేట తన చరిత్రను భద్రపరుచుకునే చిన్న మ్యూజియాన్ని హైమాట్‌మూజేయుమ్ అంటారు. జపాన్‌లో అలాంటిదాన్ని క్యోదో షిర్యోకాన్ అంటారు. ఈ ఒక్క మాట తెలిస్తే చాలు, మ్యాపు మీద మీకెవరూ చెప్పని చుక్కలు పుట్టుకొస్తాయి. "స్థానిక చరిత్ర మ్యూజియం", "ఫోటో ప్రదర్శన", "నడక", "బహిరంగ ఉపన్యాసం", ఈ నాలుగు మాటల్నీ ఆ భాషలోకి మార్చి నగరం పేరుతో కలిపి వెతికి చూడండి.

రెండోది వికీవాయేజ్, వలంటీర్లు రాసే ప్రయాణ గైడు. పెద్ద నగరాలకు అందులో ఒక్కో ప్రాంతానికి ఒక్కో పేజీ ఉంటుంది. నగరం పేజీ చదవకండి, అది మొదటిసారి వెళ్లేవాళ్లకు. మీరు అడుగుపెట్టని ప్రాంతం పేజీ తెరవండి. వికీపీడియాలో చాలా వ్యాసాలకు అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి కాబట్టి ఒక వీధి చుట్టూ ఏయే వ్యాసాలున్నాయో చూడటం కూడా కుదురుతుంది. ఒక నీళ్ల ట్యాంకు మీద, ఒక మూతపడ్డ స్టేషన్ మీద ఎవరో శ్రద్ధగా రాసిన వ్యాసం దొరుకుతుంది.

మూడోది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ఈ మ్యాపును వలంటీర్లే గీస్తారు. వాణిజ్య మ్యాపుల్లో దుకాణాలు ముందుకొస్తాయి. ఇందులో కాలిబాటలు, మెట్లదారులు, కుళాయిలు, బెంచీలు, స్మారక ఫలకాలు కనిపిస్తాయి. నడిచేవాళ్లకు కావలసినవి అవే.

అట్లాస్ ఆబ్‌స్క్యూరా అనే వెబ్‌సైట్ 2009లో పుట్టింది. వింతైన చోట్లకు మంచిదే, కానీ అందులో బాగా పేరొచ్చిన చోట్లు ఇప్పుడు పెద్దగా తెలియనివేమీ కావు. నగర గ్రంథాలయాల నోటీసు బోర్డులు, విశ్వవిద్యాలయాల కార్యక్రమాల పట్టికలు, స్థానిక చరిత్ర సంఘాల పేజీలు చూడటానికి బోసిగా ఉంటాయి. నాకు దొరికిన మంచి సాయంత్రాల్లో సగం అక్కడివే.

ఒక అంశం పట్టుకుని తిరగమని కొందరంటారు. ఎలాంటి అంశం?

ఒకే రకం వస్తువును లేదా ఒకే గీతను నగరమంతా వెంబడించడం. ఇందులో గొప్ప సుఖం ఏమిటంటే, ఏ వీధికి వెళ్లాలో మీరు నిర్ణయించక్కర్లేదు. ఆ గీతే మిమ్మల్ని తీసుకెళ్తుంది, మామూలుగా మీరు ఎన్నడూ వెళ్లని పేటల గుండా కూడా.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన గీత నీరు. చాలా నగరాలు చిన్నచిన్న ఏర్ల మీద పుట్టి, పెరిగాక వాటినే కప్పేశాయి. లండన్‌లో ఫ్లీట్ నది ఇప్పుడు నేల కింద మురుగుకాలువగా పారుతోంది. క్లర్కెన్‌వెల్ ప్రాంతంలో రే స్ట్రీట్‌లో ఒక ఇనుప జాలీ ఉంది, దాని దగ్గర వంగి వింటే కింద నీళ్ల చప్పుడు వినిపిస్తుంది. ఒక మహానగరం నడిరోడ్డు మీద వంగి నది చప్పుడు వినడం కన్నా నాకు ఏ రాజుల కోట అయినా ఎక్కువ కాదు. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో దీనికి తిరగబడ్డ కథ. చొంగ్యెచొన్ అనే వాగును కప్పేసి, పైన రోడ్డు వేసి, దాని మీద ఫ్లైఓవర్ కట్టారు. తర్వాత ఆ ఫ్లైఓవర్‌ను కూల్చి 2005లో వాగును మళ్లీ వెలుగులోకి తెచ్చారు. సుమారు ఆరు కిలోమీటర్లు నీటి పక్కనే నడవవచ్చు. చాలామంది మొదటి అరకిలోమీటరు చూసి ఫోటో దిగి వెనక్కి వస్తారు. అసలు సంగతి చివర్లో ఉంది: పాత ఫ్లైఓవర్ స్తంభాలు మూడింటిని గుర్తుగా అక్కడ వదిలేశారు.

రైలు పట్టాలు ఇంకో మంచి గీత. పాత రైలు వంతెన మీద పెంచిన న్యూయార్క్ హై లైన్ తోట 2009 నుంచి అందరికీ తెలుసు. దానికన్నా పదహారేళ్లు ముందే, 1993లో, పారిస్ తన పాత రైలు వంతెన మీద తోట పెంచింది. బాస్తీయ్ కూడలి నుంచి తూర్పుగా 4.7 కిలోమీటర్లు, కొంతదూరం ఇళ్ల రెండో అంతస్తు ఎత్తున, కొంతదూరం పల్లంలో. పట్టాలు ఏమయ్యాయో అడగాలనిపించే ప్రతి నగరంలోనూ ఇలాంటిదేదో ఒకటి ఉంటుంది.

స్టాక్‌హోమ్ మెట్రోలో 100 స్టేషన్లుంటే 90కి పైగా స్టేషన్లలో కళాకారుల పనితనం ఉంది. కొన్నిచోట్ల బండరాయిని తొలిచి అలాగే వదిలి దాని మీదే రంగులు వేశారు. ఒక రోజు పాస్ కొనుక్కుని, బయటికి రాకుండానే ఒక మధ్యాహ్నం గడపవచ్చు. లండన్‌లో గోడల మీద గుండ్రటి నీలి ఫలకాలు ఉంటాయి. ఫలానా ఇంట్లో ఫలానావారు ఉన్నారని చెప్పే ఆ పథకం 1866లో పుట్టింది, మరుసటి ఏడాది కవి బైరన్‌కు మొదటి ఫలకం పెట్టారు. జర్మనీతో మొదలై ఐరోపా అంతటా కాలిబాటల్లో పది సెంటీమీటర్ల ఇత్తడి రాళ్లు కనిపిస్తాయి. నాజీల చేతిలో బలైనవారు చివరగా తమ ఇష్టప్రకారం ఉన్న ఇంటి ముందు, వారి పేరుతో, కళాకారుడు గుంటర్ డెమ్నిగ్ వాటిని అమర్చడం మొదలుపెట్టారు. 2023 నాటికి అవి లక్ష దాటాయి. ఒక వీధిలో అవి చదువుతూ నడిస్తే ఆ వీధిని ఇక మామూలుగా చూడలేం.

మీకు నచ్చిన అంశమే పట్టుకోండి. గడియారాలు, మెట్లదారులు, పాత సినిమా హాళ్లు, ఒకే ఆర్కిటెక్టు కట్టినవి, ఏదైనా సరే. ఊరికే "బాగుంటుందని" ఎవరో చెప్పినదైతే రెండో గంటకల్లా నీరసం వస్తుంది.

పాత మ్యాపులు దేనికి పనికొస్తాయి?

ఈనాటి మ్యాపుకు అర్థం చెప్పడానికి. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ వెబ్‌సైట్‌లో బ్రిటన్ పాత మ్యాపును, ఇప్పటి ఉపగ్రహ చిత్రాన్ని పక్కపక్కన పెట్టి చూడవచ్చు. డేవిడ్ రమ్సీ పాత మ్యాపుల ఆన్‌లైన్ సేకరణలో ప్రపంచంలోని ఎన్నో నగరాల మ్యాపులున్నాయి. అన్ని వీధులూ తిన్నగా ఉన్నచోట ఒక్క వీధి వంకరగా ఎందుకు పోతుందో చూడండి. చాలాసార్లు కింద వాగైనా ఉంటుంది, పాత కోటగోడైనా ఉంటుంది. అక్కడికి వెళ్లి నడవండి.

పెద్ద మ్యూజియం ఒకసారి చూశాను. మళ్లీ వెళ్లాలా?

వెళ్లండి, కానీ ఇంకో తలుపు గుండా వెళ్లినట్టు వెళ్లండి. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో దాదాపు 35,000 వస్తువులు ప్రదర్శనలో ఉంటాయి. 2021లో ఇంటర్నెట్‌లో పెట్టిన సేకరణ జాబితాలో 4,82,000 నమోదులున్నాయి. మొదటిసారి వెళ్లినవాళ్లు మోనాలిసా దగ్గర జనంలో నలిగి బయటపడతారు. అదే భవనంలో ప్రాచీన బాబిలోన్ రాజు హమ్మురాబి శాసనం చెక్కిన నల్లరాయి ఉంది, ఇరాన్‌లోని సూసాలో 1901లో దొరికింది. దాని ఎదుట తీరిగ్గా నిలబడటానికి చోటుంటుంది. ఇంట్లోనే జాబితా చూసి ఒక్క విభాగం ఎంచుకోండి. రెండు గంటలు అక్కడే ఉండండి. మిగతా మ్యూజియం ఉన్నట్టే మరచిపోండి.

ఇప్పుడు కొన్ని మ్యూజియంలు గిడ్డంగులనే తెరుస్తున్నాయి. రోటర్‌డామ్‌లో బోయ్‌మన్స్ మ్యూజియం వాళ్ల డిపో 2021లో తెరిచారు, లక్షన్నరకు పైగా వస్తువులున్న గిడ్డంగిలోకి మనమే వెళ్లి చూడవచ్చు. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వాళ్ల గిడ్డంగి, వి అండ్ ఎ ఈస్ట్ స్టోర్‌హౌస్ 2025 మే నెలాఖరున తెరిచారు. అక్కడ ముందుగా అడిగితే మీరు కోరిన వస్తువును బయటికి తీసి చూపిస్తారు. మ్యూజియంలు ఇంత దగ్గరికి రానిస్తాయని పదేళ్ల కిందట నేను ఊహించలేదు.

పెద్ద మ్యూజియం నీడలో ఉండిపోయే చిన్నవాటిని కూడా చూడండి. ఇంప్రెషనిజం అనే చిత్రకళా ధోరణికి ఆ పేరు రావడానికి కారణమైన మోనే చిత్రం పారిస్‌లోని పెద్ద మ్యూజియంలలో లేదు, నగరం పడమటి అంచున మార్మొతాన్ మ్యూజియంలో ఉంది. రోమ్‌లో సెంత్రాలె మొంతెమార్తీని అనేది 1912లో తెరిచిన విద్యుత్ కేంద్రం. 1997లో కాపిటోలీన్ మ్యూజియంలలో మరమ్మతులు జరుగుతుండగా కొన్ని ప్రాచీన శిల్పాలను తాత్కాలికంగా అక్కడికి తరలించారు. వాటిలో చాలా అక్కడే ఉండిపోయాయి. నల్లటి డీజిల్ ఇంజన్ల ముందు తెల్లటి పాలరాతి దేవతలు. ఏ డిజైనరూ అలా పెట్టాలని అనుకోడు, కానీ ఒకసారి చూశాక ఆ శిల్పాలకు అదే సరైన చోటనిపిస్తుంది.

స్థానికులను ఎలా అడగాలి? "ఏం చూడాలి" అంటే అందరూ అవే పేర్లు చెబుతున్నారు.

తప్పు వాళ్లది కాదు. ఆ ప్రశ్న వినగానే ఎవరైనా అతిథికి తగిన జవాబే ఇస్తారు. వాళ్ల గురించే అడగండి. "మీ ఇంటికి చుట్టాలొస్తే రెండో రోజు ఎక్కడికి తీసుకెళ్తారు?" "స్కూల్లో ఉండగా మిమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్లేవాళ్లు?" "ఒక్కరే కూర్చోవాలనిపిస్తే ఎక్కడికి వెళ్తారు?" మూడో ప్రశ్నకు జవాబు చెప్పేముందు చాలామంది ఒక్క క్షణం ఆగుతారు. ఆ ఆగిన తర్వాత వచ్చే పేరును తప్పకుండా రాసుకోండి.

కొత్తవాళ్లతో మాట కలపడం కష్టమైతే దానికీ ఏర్పాట్లున్నాయి. న్యూయార్క్‌లో లిన్ బ్రూక్స్ 1992లో బిగ్ యాపిల్ గ్రీటర్ మొదలుపెట్టారు. ఆ ఊరిమీద ప్రేమున్న వలంటీరు ఎవరో డబ్బు తీసుకోకుండా రెండు మూడు గంటలు తమ పేటను చూపిస్తారు. ఇప్పుడు గ్రీటర్లు చాలా దేశాల్లో ఉన్నారు. కొన్ని వారాల ముందే రాయాలి. ఏం చూడాలో రాయకండి, మీకు దేని మీద ఆసక్తో రాయండి, దాన్నిబట్టే మనిషిని కుదురుస్తారు. టొరంటోలో 2007లో మొదలైన జేన్స్ వాక్ కూడా ఇలాంటిదే. నగరాల గురించి జీవితమంతా ఆలోచించిన జేన్ జేకబ్స్ 2006లో కన్నుమూశాక ఆమె స్నేహితులు దీన్ని మొదలుపెట్టారు. ఏటా మే మొదటి వారాంతం ప్రాంతంలో స్థానికులే నడకలు నడిపిస్తారు, ఎవరైనా కలవవచ్చు.

ఈసారి ఎక్కడ దిగితే మంచిది?

మొదటిసారి దిగిన ప్రాంతంలో మాత్రం వద్దు. మంచి రవాణా ఉండి, హోటళ్లకన్నా ఇళ్లు ఎక్కువున్న పేట చూసుకోండి. ఉదయం బడికి వెళ్లే పిల్లలు, సాయంత్రం కుక్కల్ని తిప్పేవాళ్లు కనిపించే వీధి. ఉదయం ఏడింటికి బయటికొస్తే ఆ నగరం మీకు కొత్తదైపోతుంది.

ఎంతవరకు ప్లాన్ చేసుకోవాలి?

రోజుకు ఒక్కటి గట్టిగా, మిగతాది వదులుగా. బుకింగ్ అవసరమైనదీ, వేళ తప్పితే పోయేదీ ఆ ఒక్కటి. దాని చుట్టుపక్కల ఉన్నవి రెండు మూడు పేర్లు కాగితం మీద ఉంటే చాలు. నగరం ఈ మూల ఒకటి, ఆ మూల ఒకటి పెట్టుకుంటే రోజంతా బస్సుల్లోనే పోతుంది. బుకింగ్‌లు కొన్నిటికి నిజంగా ముందుచూపు కావాలి. టోక్యో పక్కన కసుకబెలో వరదనీటిని మళ్లించడానికి 2006లో పూర్తిచేసిన భూగర్భ నిర్మాణం ఉంది, 59 భారీ స్తంభాలతో నేల కింద ఒక మంటపంలా ఉంటుంది. ముందుగా పేరు రాయించుకుని గైడ్‌తో పాటే దిగాలి. వానలు పడి నీళ్లు వస్తే ఆ రోజు చూడనివ్వరు, ఎందుకంటే అది పనిచేస్తున్న నిర్మాణం.

మొదటిసారి బాగా నచ్చిన చోటికే మళ్లీ వెళ్లడం టైం వృథా కాదా?

కాదు. ఒక్కదానికి తప్పకుండా వెళ్లండి. అప్పుడు మధ్యాహ్నం వెళ్లి ఉంటే ఇప్పుడు తెల్లవారుజామున వెళ్లండి. అప్పుడు ఎక్కిన మెట్లు ఇప్పుడు ఎక్కకండి, కింద కూర్చుని ఎక్కేవాళ్లను చూడండి. మధ్యలో గడిచిన ఏళ్లలో మీరెంత మారారో కూడా అక్కడ తెలుస్తుంది. నాకు కొన్నిచోట్ల కళ్లు చెమర్చాయి.

నాతో వచ్చేవాళ్లకు ఇదే మొదటిసారి. ఏం చేయాలి?

వాళ్ల మొదటిసారిని వాళ్లకు దక్కనివ్వండి. "అదేం బాగుండదు, నేను చూశాగా" అనే మాట నోటి నుంచి రానివ్వకండి. పెద్ద చోట్లన్నిటికీ పక్కనే చిన్న చోటొకటి ఉంటుందని పైన చెప్పాను కదా, అదే ఇక్కడ అక్కరకొస్తుంది. ఇస్తాంబుల్‌లో నేల కింద ఉన్న పురాతన నీటి నిల్వ, బసిలికా నీటికొలను దగ్గర క్యూ పొడుగ్గా ఉంటుంది. వాళ్లు అది చూసొచ్చేలోగా మీరు కొద్ది దూరంలోనే ఉన్న షెరెఫియే నీటికొలను చూడవచ్చు. అది ఇంకా ప్రాచీనమైనది, 2018లో జనానికి తెరిచారు. సాయంత్రం కలుసుకుని ఎవరేం చూశారో చెప్పుకోండి.

ఆఫీసు పని మీద వెళ్తున్నాను. సాయంత్రం రెండు గంటలే ఖాళీ.

అయితే దూరాలు పెట్టుకోకండి. నది, సముద్రం ఉంటే జనం రోజూ ఎక్కే ఫెర్రీ ఎక్కండి. లేకపోతే ట్రామ్ చివరి స్టాపు దాకా వెళ్లి అదే ట్రామ్‌లో వెనక్కి రండి. న్యూయార్క్‌లోనైతే రూజ్‌వెల్ట్ ద్వీపానికి 1976 నుంచి నడుస్తున్న ట్రామ్ ఉంది. తీగ మీద వేలాడుతూ నది దాటిస్తుంది. ద్వీపం దక్షిణపు కొనలో ఆర్కిటెక్ట్ లూయీ కాన్ గీసిన పార్కు ఉంది. ఆయన 1974లో పోయారు, పార్కు 2012లో తెరిచారు. అక్కడ రాతి గట్టు మీద కూర్చుంటే నగరం మొత్తం నీటికవతల నుంచి కనిపిస్తుంది. పార్కు మూసే వేళ మాత్రం చూసుకుని వెళ్లండి.

వాన పడితే?

గ్రంథాలయం. పాత రీడింగ్ హాలున్న గ్రంథాలయాలు చాలా నగరాల్లో చూసేవాళ్లను లోపలికి రానిస్తాయి. చదువుకునేవాళ్లు ఉంటారు, నిశ్శబ్దంగా ఉండండి.

పాడుబడ్డ భవనాల్లోకి వెళ్లడం గురించి మీ అభిప్రాయం?

వద్దు. కంచె దాటాల్సిన చోటు, తలుపు తోయాల్సిన చోటు ఏదైనా సరే వద్దు. కుళ్లిన నేలలు కనపడవు. ఏదైనా జరిగితే మీరెక్కడున్నారో ఎవరికీ తెలియదు. తెరిచే రోజులు, అనుమతితో తీసుకెళ్లే గైడ్‌లు ఉంటారు, అలా వెళ్లండి. ఒంటరిగా తిరిగేవాళ్లు తెలియని పేటలకు మొదట పగటిపూట వెళ్లి, వెనక్కి వచ్చే చివరి బస్సు వేళ ముందే రాసి పెట్టుకోవాలి.

నాకు దొరికిన చోటును ఫోటోతో అందరికీ చెప్పవచ్చా?

అది మ్యూజియమో, పార్కో, జనం రావాలని ఎదురుచూసే చోటో అయితే సంతోషంగా చెప్పండి. చిన్న మ్యూజియంలు సందర్శకులు లేకే మూతపడతాయి. కానీ అది ఎవరో నివసించే వీధైతే ఆగండి. పారిస్‌లో రంగురంగుల ఇళ్లున్న ర్యూ క్రేమ్యూ అనే చిన్న వీధి ఫోటోల వల్ల పేరుకెక్కింది. కిటికీ కింద రోజంతా ఫోటో షూట్‌లు. 2019లో అక్కడివాళ్లు సాయంత్రాలూ వారాంతాలూ వీధిని మూసే గేటు పెట్టమని నగరాన్ని కోరారు. జపాన్‌లో క్యోటో నగరంలోని గియోన్ పేటలో 2024లో ప్రైవేటు సందుల్లోకి పర్యాటకులు రాకుండా నిషేధించారు. ఆ రెండు చోట్లా తొలినాళ్లలో ఫోటో పెట్టినవాళ్లకు చెడు ఉద్దేశమేమీ ఉండి ఉండదు. అందుకే నేను ఇళ్లున్న వీధుల పేర్లు రాయను. అడిగిన స్నేహితులకు నోటితో చెబుతాను.

ఇంత కష్టపడి వెళ్తే అక్కడేమీ లేకపోతే?

అలా జరుగుతుంది, నాకు ఐదింటిలో ఒకటైనా అలాగే అవుతుంది. మూసి ఉంటుంది, మరమ్మతులు జరుగుతుంటాయి, లేదా చిన్న గది, అందులో నాలుగు అద్దాల పెట్టెలు. వేళలు ఎప్పుడూ ఆ చోటి సొంత వెబ్‌సైట్‌లోనే చూడండి, వేరేచోట రాసినవి పాతబడి ఉంటాయి. అనుమానంగా ఉంటే ఫోన్ చేయండి, చిన్న చోట్లలో ఫోన్ ఎత్తేది చాలాసార్లు దాన్ని నడిపే మనిషే. అయినా మూసి ఉంటే బోర్డు ఫోటో తీసుకోండి. తిరిగొచ్చేటప్పుడు వచ్చిన దారిన కాకుండా పక్క వీధి గుండా రండి. నేను చెప్పిన ఆ మొదటి శనివారం మ్యూజియానికి రెండేళ్ల తర్వాత మళ్లీ వెళ్లాను. తలుపు తీసిన పెద్దావిడ, నన్ను ఇంతదూరం ఎవరు పంపారని అడిగింది. మీ బోర్డే పంపిందని చెప్పాను. ఆ ఉదయం అక్కడ మేమిద్దరమే ఉన్నాం, ఆవిడ ప్రతి పెట్టె తాళం తీసి చూపించింది.